కొట్టు పాతపట్నంలో, కేసు పర్లాకిమిడిలో: అర్జీ ఏ సర్కారుకి?

మహేంద్రతనయ ఏటి అవతల, ఆంధ్రాలోని శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో ఫ్రిజ్ కొన్నారు, నెల తిరక్కుండా మూలపడింది. ఇల్లు ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షను ప్రకారం, కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనూ కేసు వేయొచ్చు. అంటే గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌కే (వినియోగదారుల కోర్టుకే) వెళ్లొచ్చు. కొట్టు ఆంధ్రాదైనా, ఆ కమిషన్ బాగోగులు ఒడిశా సర్కారువే. అక్కడ కేసు ఆగితే శ్రీకాకుళం కలెక్టరుకి అర్జీ పెట్టి లాభం లేదు.

అర్జీ రాసేముందు మీ ఇబ్బంది ఎవరి రూలుతో తీరుతుందో తేల్చుకోండి. ఫీజు, కేసు విలువ హద్దు, మెంబర్ల అర్హతలు కేంద్రం రాసేవి. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, 50 లక్షల వరకు జిల్లా కమిషనే. వీటిని మార్చమని భువనేశ్వర్‌కి రాస్తే కాగితం దండగ. 102వ సెక్షను రాష్ట్రానికి ఇచ్చినవి వేరు: కమిషన్ ప్రెసిడెంటు, మెంబర్ల జీతభత్యాలు, సర్వీసు షరతులు, రాష్ట్ర, జిల్లా వినియోగదారుల సలహా మండళ్లలో సభ్యుల సంఖ్య, సమావేశాల పద్ధతి. ఏ విషయంలోనైనా రాష్ట్రం ఇంకా రూల్స్ చేయకపోతే, కేంద్రం తయారుచేసిన మోడల్ (నమూనా) రూల్స్ ఉంటే అవే వర్తిస్తాయి. కాబట్టి "మా దగ్గర రూల్స్ రాలేదు" అన్న జవాబుతో వెనక్కి రావద్దు.

కేసును నిజంగా కూర్చోబెట్టేది ఖాళీ కుర్చీ. ప్రెసిడెంటుతో పాటు కనీసం ఒక మెంబరు ఉంటేనే విచారణ సాగుతుంది. దీనికి కొత్త రూలు అక్కర్లేదు, 32వ సెక్షను కింద రాష్ట్రం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు. పక్క జిల్లా కమిషన్‌కి మీ జిల్లాను కూడా అప్పగించొచ్చు, లేదా అక్కడి ప్రెసిడెంటుకో మెంబరుకో మీ కమిషన్ పనీ అప్పజెప్పొచ్చు. రెండోదే అడగండి. మొదటిదైతే బస్సు ఛార్జీలు మీ నెత్తిన పడతాయి.

అర్జీ ఒడిశా ఆహార సరఫరాలు, వినియోగదారుల సంక్షేమ శాఖకి వెళ్లాలి. ఒడియాలోగానీ ఇంగ్లీషులోగానీ రాయించండి. కేసు నంబరు, వాయిదా పడ్డ తేదీలు, ఏ కుర్చీ ఖాళీగా ఉందో, ఎప్పటినుంచో వరసగా రాయండి. ఒక కాపీ గజపతి కలెక్టరుకి ఇచ్చి రసీదు తీసుకోండి. జిల్లా మండలికి అధ్యక్షులు ఆయనే. ఆ మండలి ఏడాదికి కనీసం 2 సార్లు కూర్చోవాలి.

సెక్షను నంబర్ల దగ్గర జాగ్రత్త. పాత అర్జీ నమూనాల్లో 30వ సెక్షను అని ఉంటుంది. 1986 చట్టంలో రూల్స్ చేసే అధికారం దానిది. ఇప్పటి చట్టంలో 30 అంటే జిల్లా కమిషన్ ప్రెసిడెంటు, మెంబర్ల జీతభత్యాలు, సర్వీసు షరతులు మాత్రమే.