అమృతా షేర్‌గిల్ ‘యంగ్ గర్ల్స్’ బొమ్మను ఎలా చూడాలి

మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయకండి. గోడ మీది చీటీ చదివి, ఫొటో తీసుకుని, ముందుకు వెళ్లిపోయాను. బొమ్మను చూసింది ఫోనే, నేను కాదు.

1932లో పారిస్‌లో ఈ తైలవర్ణ చిత్రం వేసినప్పుడు అమృత వయసు 19. ఇప్పుడిది న్యూఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ సేకరణలో ఉంది. ప్రదర్శనలో ఉందో లేదో కనుక్కుని వెళ్లండి.

ముందు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడండి. ఇద్దరమ్మాయిలు ఎదురెదురుగా కూర్చున్నారు. నిండుగా దుస్తులు వేసుకున్న అమ్మాయి అమృత చెల్లెలు ఇందిర. సగం దుస్తుల్లో ఉన్నది ఫ్రెంచి స్నేహితురాలు డెనిస్ ప్రూటో. ఆమె జుట్టు ముఖం మీదికి జారింది, చేతిలో దువ్వెన ఉంది. నేను ఎక్కువసేపు ఆగేది ఆ దువ్వెన దగ్గరే: దువ్వడం మొదలుపెట్టబోతోందా, మధ్యలో మాటల్లో పడి ఆగిపోయిందా? తేల్చుకోవడానికి తొందరపడకండి.

జీవితకథ ఆ తర్వాతే. అమృత 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది; తల్లి హంగేరియన్, తండ్రి సిక్కు. ఈ బొమ్మకు 1933లో పారిస్ సెలూన్ అనే చిత్రకళా ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. (పతకం సంగతి ముందే తెలిస్తే కళ్లు బద్ధకిస్తాయి, నా అనుభవం!) 1941లో లాహోర్‌లో అమృత 28 ఏళ్లకే కన్నుమూసింది.

చివరగా, అమృతే 1937లో వేసిన ‘బ్రైడ్స్ టాయిలెట్’ (పెళ్లికూతురి ముస్తాబు) బొమ్మను పక్కన పెట్టుకుని చూడండి. అక్కడా జుట్టు ముస్తాబే, కానీ ముస్తాబు చేసేది వేరే చెయ్యి.