తోపుడుబండి తొలగిస్తే హైకోర్టులో వాదన ఎలా నిర్మించుకోవాలి?

విజయవాడ బీసెంట్ రోడ్డులో తోపుడుబండిపై బట్టలు అమ్ముకునే వ్యక్తిని మునిసిపల్ సిబ్బంది నోటీసు లేకుండా ఖాళీ చేయించారనుకుందాం. అతడు రాజ్యాంగం 226వ అధికరణం కింద నేలపాడులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో, ప్రభుత్వ సంస్థల చర్యను సవాలు చేసే రిట్ పిటిషన్ వేయవచ్చు. అయితే అన్యాయం జరిగిందని అఫిడవిట్ నిండా రాసినంత మాత్రాన సరిపోదు. ఆ చర్యను కోర్టు ఏ కొలమానంతో పరీక్షించాలో తేల్చుకుని, దానికి తగిన ఆధారాలు చూపాలి.

వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కునిచ్చే రాజ్యాంగం 19(1)(జి) అధికరణం పరిధిలోకి వీధి వ్యాపారం వస్తుందని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులోనే చెప్పింది. 19(6) మాత్రం ప్రజాప్రయోజనం కోసం సహేతుకమైన ఆంక్షలను అనుమతిస్తుంది. అందువల్ల అసలు వాదన ఆంక్ష సహేతుకమా కాదా అన్నదానిపైనే నడుస్తుంది.

ముందు ఆ చర్యకు చట్టం అండ ఉందో లేదో చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన అంశం ఇదే. 2014 నాటి వీధి విక్రేతల చట్టం 3వ సెక్షన్ ప్రకారం, వీధి విక్రేతల సర్వే పూర్తయి, అమ్ముకునేందుకు అనుమతించే ధ్రువపత్రాలు ఇచ్చేవరకు విక్రేతలను తొలగించకూడదు. ధ్రువపత్రం ఉన్నవారికి 18వ సెక్షన్ కింద 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు జప్తు చేస్తే సంతకం చేసిన జాబితా చేతికివ్వాలని 19వ సెక్షన్ చెబుతోంది. ధ్రువపత్రం, బండి ఫొటోలు, ఆ జాబితా, కమిషనర్‌కు ఇచ్చిన వినతిపత్రంపై తేదీతో వేయించుకున్న రసీదు ముద్ర జతచేయండి. జాబితా ఇవ్వకపోతే ఆ సంగతినే స్పష్టంగా రాయండి.

అధికారం ఉన్నా దాన్ని అతిగా వాడారనిపిస్తే, 2016లో మోడరన్ డెంటల్ కాలేజీ తీర్పు వివరించిన అనుపాత పరీక్ష, అంటే లక్ష్యానికి తగిన మేరకే చర్య తీసుకున్నారా అని చూసే పరీక్ష, అక్కరకొస్తుంది. పాదచారులకు దారి ఇవ్వడం న్యాయమైన లక్ష్యమే, బండి తీస్తే ఆ లక్ష్యం కొంత నెరవేరుతుంది కూడా. కానీ అమ్మకపు వేళలు కుదించడమో, బండిని పక్క సందులోకి జరపడమో సరిపోదా? పోయే జీవనోపాధికి, కలిగే సౌకర్యానికి పొంతన ఉందా? ఈ చివరి రెండు ప్రశ్నలకే ఎక్కువ పేరాలు కేటాయించండి. కాలిబాట వెడల్పు, బండి కొలత అంకెల్లో ఇవ్వండి.

పక్క బండిని వదిలేశారన్న వాదనను సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణం కింద జాగ్రత్తగా వాడాలి, ఎందుకంటే ఒకరికి చట్టవిరుద్ధంగా దక్కిన మేలును తనకూ ఇమ్మని అడిగే హక్కు ఎవరికీ లేదు.

బజారు ఎక్కడ ఉండాలో కోర్టు నిర్ణయించదు, నిర్ణయం తీసుకున్న తీరును పరిశీలిస్తుంది. కాబట్టి సరుకు తిరిగి ఇప్పించమని, నోటీసు ఇచ్చి విన్న తర్వాతే నిర్ణయం తీసుకోమని, ఈలోగా మధ్యంతర ఉత్తర్వు ఇమ్మని కోరండి. ఆలస్యం చేస్తే పిటిషన్ బలహీనపడుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవల సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాది దొరుకుతారు.