లినక్స్ డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్క్‌ని పని లేనప్పుడు పడుకోబెట్టడం ఎలా?

మా డెస్క్‌టాప్‌లో ఉబుంటు ఎస్‌ఎస్‌డీ మీద ఉంది, పెళ్లి వీడియోలూ ఫొటోలూ దాచిన పాత హార్డ్ డిస్క్ వేరే ఉంది. వారానికోసారి కూడా ముట్టుకోని ఆ డిస్క్ రోజంతా గిర్రున తిరుగుతూనే ఉండేది. మీదీ ఇదే కథైతే ఐదు నిమిషాల పని. అదే, ఉన్నది ఒక్క డిస్కే, సిస్టమ్ కూడా దాని మీదే అయితే మాత్రం వదిలేయండి, లాగ్‌లు (సిస్టమ్ తన పనుల గురించి రాసుకునే చిట్టాలు) రాయడానికి లినక్స్ దాన్ని మాటిమాటికీ లేపుతుంది కాబట్టి పెద్ద ఉపయోగం ఉండదు.

ముందు డిస్క్స్ యాప్ తెరిచి, ఎడమవైపు లిస్టులో మీ హార్డ్ డిస్క్‌ని సైజు చూసి గుర్తుపట్టి ఎంచుకోండి. మూడు చుక్కల మెనూలో డ్రైవ్ సెట్టింగ్స్ ఉంటుంది. యూఎస్‌బీ డబ్బాలో పెట్టిన డిస్కులకి ఇది చాలాసార్లు నొక్కడానికి రాదు, ఆ డబ్బాలోని చిప్ ఈ కమాండ్లని లోపలికి పంపకపోవడమే కారణం.

తర్వాత స్టాండ్‌బై (పని లేనప్పుడు మోటారు ఆపడం) ట్యాబ్‌లో స్విచ్ ఆన్ చేసి సమయం 20 నిమిషాలు పెట్టండి. కరెంటు ఆదా అని 5 పెట్టకండి. ఆగిన మోటారు మళ్లీ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఊరికే ఆగి మొదలవడం డిస్క్‌కీ మంచిది కాదు.

అసలు చిక్కంతా పక్కనున్న ఏపీఎం (డిస్క్ తన కరెంటు వాడకాన్ని తానే తగ్గించుకునే ఏర్పాటు) ట్యాబ్‌లో. 1 నుంచి 127 దాకా పెడితే డిస్క్ తనంతట తాను ఆగొచ్చు, 128 నుంచి 254 దాకా అయితే ఆగదు, 255 అంటే ఏపీఎం పూర్తిగా ఆఫ్. మరీ చిన్న అంకె పెడితే కొన్ని డిస్కులు కాసేపు ఖాళీ దొరికితే చాలు హెడ్‌ని (డేటా చదివే, రాసే భాగాన్ని) పక్కకి పెట్టేస్తాయి, ఆ టక్ టక్ శబ్దం అదే. నేనైతే 127తో మొదలుపెట్టమంటాను. శబ్దం ఆగకపోతే 254కి మార్చండి, కానీ అప్పుడు కొన్ని డిస్కులు స్టాండ్‌బై మాట కూడా వినవు. ట్యాబ్ పనిచేయట్లేదంటే మీ డిస్క్‌లో ఏపీఎం లేదన్నమాట, టెన్షన్ అక్కర్లేదు.

ఈ సెట్టింగ్స్ రీస్టార్ట్ చేసినా పోవు.

అదే మెనూలో స్మార్ట్ డేటా (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) తెరిచి 193వ నంబరు వరస చూడండి. హెడ్ ఎన్నిసార్లు పక్కకి వెళ్లిందో అందులో ఉంటుంది. చాలా డిస్కులకి కంపెనీలు చెప్పే హద్దు 3 లక్షలో 6 లక్షలో ఉంటుంది. ఇవాళ్టి అంకె రాసుకుని వారం తర్వాత మళ్లీ చూడండి, వేలల్లో పెరిగితే ఏపీఎం అంకె పెంచాలి.

ఇంత చేసినా డిస్క్ పడుకోకపోతే ఫైల్ సెర్చ్ ఇండెక్సింగ్‌ని (వెతకడం తేలికవ్వాలని ఫైళ్లన్నీ ముందే చదివి జాబితా చేసుకోవడాన్ని) అనుమానించండి, సెట్టింగ్స్‌లో సెర్చ్ లొకేషన్స్‌కి వెళ్లి ఆ డిస్క్‌ని తీసేయండి.