సంగీత పాఠాలకు వారం పాటు పాత మిత్రుల ఇంట్లో ఉంటున్నారా? ముందే ఇవి చూసుకోండి

సాధన వేళలు, నిద్ర వేళలు బయలుదేరక ముందే మిత్రులకు చెప్పేయండి. ఏళ్ల తర్వాత కలిస్తే కబుర్లు అర్ధరాత్రి దాటుతాయి. నిద్ర చాలని గొంతు మర్నాడు తారస్థాయి షడ్జం (పై ‘స’) దగ్గరే బొంగురుపోతుంది. ఉన్నదే 7 రోజులు, అందులో ఒక్క పాఠం జారినా అందుకోవడం కష్టం.

వీణ, వయొలిన్ వంటివి ఎండలో నిలిపిన కారులో వదలకండి. వేడికి జిగురు మెత్తబడి అతుకులు విడిపోతాయి.

విడి తీగలు వెంట ఉంచుకోండి. సన్న తీగే ముందు తెగుతుంది.

పాఠం రికార్డు చేయాలంటే గురువుగారిని మొదటి రోజే అడగండి. కొందరు ఒప్పుకోరు.

ఇంట్లో పసిపిల్లలుంటే తెల్లవారుజాము సాధనకు వేరే చోటు చూసుకోండి.

ఒక సాయంత్రం పూర్తిగా మిత్రులకే ఉంచండి. వాళ్లు ఎదురుచూసేది మీ కోసం.