ఉప్పుగాలిలో ఉలి, రంపం, చిత్రిక: విశాఖ ఇంటి వడ్రంగానికి సమస్యలు, పరిష్కారాలు

విశాఖలో డాబా మీదో, మెట్ల కిందో చిన్న వడ్రంగం షెడ్డు పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. నూనె రాసి దాచినా ఉలి ఎందుకు తుప్పు పడుతోంది? ముందు దానికే జవాబు చెప్పుకుందాం. ఈ ఊళ్లో మిగతా సమస్యల్లో చాలావాటికి మూలం కూడా అక్కడే ఉంది.

నూనె రాసినా వారం తిరిగేసరికి మళ్లీ తుప్పు

నూనె తక్కువైందనుకుని ఇంకాస్త పూస్తాం. తుప్పు ఆగదు, ఎందుకంటే ఉప్పు నూనె కిందే ఉండిపోయింది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరు పట్టి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే నీరు లాగేస్తుంది. విశాఖలో తేమ ఏడాదిలో ఎక్కువ కాలం 70 శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి ఇనుము మీద పడ్డ ఉప్పు ఇక్కడ పూర్తిగా ఆరే అవకాశమే తక్కువ. లాసన్స్ బే కాలనీలో, పెదజాలారిపేట దగ్గర, బీచ్ రోడ్డు వెంబడి ఇళ్లకు ఈ బాధ ఎక్కువ, పెందుర్తి వైపు తక్కువ. మన చేతి చెమటలోనూ ఉప్పుంటుంది. అందుకే కొన్ని ఉలుల మీద వేలిముద్రల ఆకారంలోనే తుప్పు కనిపిస్తుంది.

కాబట్టి నూనె కంటే ముందు నీళ్లు. ఇనుప పనిముట్టును నీళ్లతో కడగమంటే చాలామంది ఒప్పుకోరు కానీ, ఉప్పును కరిగించేది నీళ్లే, నూనెలో అది కరగదు. గోరువెచ్చని మంచినీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. కొళాయి నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో ఆఖరి కడుగుడుకి తాగే నీళ్లు వాడండి. కర్ర పిడిని నీళ్లలో ముంచొద్దు, ఇనుము వరకే తడపండి. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, చేతికి వెచ్చగా తగిలేదాకా ఎండలోనో హెయిర్ డ్రయ్యర్‌తోనో ఆరబెట్టండి. ఆ వెచ్చదనం పోకముందే నూనె రాయండి.

ఏ నూనె అంటే కుట్టుమిషన్ నూనె. వంటింటి నూనెలు వద్దు. పొద్దుతిరుగుడు నూనె, అవిసె నూనె గాలి తగిలి బంకలా గట్టిపడతాయి. కొబ్బరినూనె అంత త్వరగా బంక కాదు, రోజూ వాడే ఉలికి పరవాలేదు, కానీ నెలల తరబడి దాచే పనిముట్టుకి పనికిరాదు. అలా దాచేవాటికి నూనె మీద తేనెమైనం పూత ఇస్తే ఇంకా మంచిది.

తుపాను వచ్చి వెళ్లాక ఈ కడుగుడు అన్నిటికీ ఒకసారి చేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పటి గాలిని చూసినవాళ్లకి సముద్రపు తుంపర ఎంత లోపలికి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకే చోట, ఒకే ఆకారంలో తుప్పు

పనిముట్టు అంతటా కాకుండా ఒక వైపే తుప్పు పడితే అది దేన్ని తాకుతోందో చూడండి. తోలు సంచి, అట్టపెట్టె, పాత న్యూస్‌పేపర్, ఇవన్నీ తేమ పీల్చి ఇనుముకు అంటించి ఉంచుతాయి. తోలు కుళ్లకుండా ఊనడానికి వాడిన మందులు కూడా ఇనుమును తింటాయి. పచ్చి కర్రతో చేసిన కొత్త పెట్టె కూడా అంతే. కర్ర పూర్తిగా ఆరేదాకా అందులోంచి పులుపు ఆవిరి వస్తూనే ఉంటుంది.

అన్నిటికన్నా దుర్మార్గమైంది బాత్రూం కడిగే యాసిడ్ సీసా. మెట్ల కింద గదిలో పనిముట్లతో పాటు అదీ ఉంటే, మూత బిగించినా ఆ ఆవిరి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. గదిలో ఉన్న ఇనుమంతా ఎర్రబడుతుంది. ముందు ఆ సీసాను గది దాటించండి, తర్వాతే మిగతా వెతుకులాట.

ఇంకా కారణం తేలకపోతే పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. జింక్ పూత లేని మామూలు మేకులు నాలుగు తీసుకుని థిన్నర్‌తో తుడిచి, ఒకటి సొరుగులో, ఒకటి గోడ బల్ల మీద, ఒకటి అల్మరాలో, ఒకటి పడగ్గదిలో పెట్టండి. వారం తర్వాత ఏది ముందు ఎర్రబడిందో అక్కడే తేడా ఉంది. రేకుల షెడ్డులోనైతే తెల్లవారుజామున రేకు చల్లబడి మంచు పడుతుంది. కాబట్టి పనిముట్లను మూత గట్టిగా పట్టే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. పొట్లాలు నెలకోసారి వేడిచేసి ఆరబెట్టకపోతే వాటి వల్ల ఉపయోగం లేదు. ఏసీ గదిలోంచి తెచ్చిన చల్లని ఉలి మీద బయటి గాలికి నీరు కడుతుంది. దాన్ని తుడవకుండా పెట్టెలో పడేయకండి.

పాత పనిముట్టు తుప్పుతో మూసుకుపోయింది

పూర్ణా మార్కెట్ వైపు పాత ఇనుము కొట్లలోనో, తాతగారి పెట్టెలోనో దొరికిన పాత ఉలి చాలాసార్లు ఇప్పటి చవక ఉలి కంటే మంచి ఉక్కు. పైతుప్పే అయితే కిరసనాయిలు, 320 నంబరు నీటి ఎమరీ చాలు. కాస్త లోతుగా ఉంటే లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి నానబెట్టి, రెండు మూడు గంటలకోసారి తీసి బ్రష్‌తో రుద్దండి. రాత్రంతా వదిలేస్తే ఇనుమును కూడా తినడం మొదలెడుతుంది. రంపం రేకు లాంటి పల్చటివాటిని అసలు నానబెట్టవద్దు, గుడ్డతో రాసి తుడవండి. బయటికి తీశాక వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి పులుపు విరగ్గొట్టి, వెంటనే ఆరబెట్టాలి. లేదంటే కళ్లముందే పసుపురంగు తుప్పు పొర వస్తుంది.

మరీ గడ్డకట్టినదానికి కరెంటు పద్ధతి బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ బకెట్లో నాలుగు లీటర్ల నీళ్లకు ఒక టేబుల్‌స్పూన్ వాషింగ్ సోడా. 12 వోల్టుల పాత రకం బ్యాటరీ చార్జర్ నల్ల వైరు పనిముట్టుకి, ఎర్ర వైరు పాత ఇనుప ముక్కకి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఇనుప ముక్క బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం ఎప్పుడూ పెట్టకండి, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఇత్తడి, అల్యూమినియం భాగాలు ముందే విప్పేయండి. ఇత్తడికి మన చింతపండే చాలు.

తుప్పు పోయాక గుంతలు మిగులుతాయి. ఉలి వీపు (ఏటవాలు లేని చదును వైపు) మీద పదును అంచుకు దగ్గర్లో గుంత ఉంటే అక్కడ అంచు పంటిగాట్లలా విరుగుతుంది. గుంత దాటేదాకా అరగదీయాలి. పైన పిడి దగ్గర ఉన్న గుంతలతో పనేమీ లేదు, వదిలేయండి. మెరిసేదాకా రుద్దే ఓపికను అంచు మీద పెట్టండి.

ఉలి పదును నిలవడం లేదు

అంచు దగ్గర నీలిరంగు మరక ఉందా? గ్రైండర్ మీద ఉక్కు 300 డిగ్రీల దాకా వేడెక్కి మెత్తబడిందన్నమాట. నూరితే ఆ మెత్తదనం పోదు. నీలం దాటి మంచి ఉక్కు వచ్చేదాకా అరగదీయాలి. ఈసారి వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచుతూ చేయండి.

నీలం లేదు, అయినా అంచు విరుగుతోందంటే కోణం చూడండి. సాన మీద 25 డిగ్రీలకు పట్టి, చివరి అంచుకు మాత్రం 30 డిగ్రీలు ఇస్తే టేకుకు సరిపోతుంది. నల్లతుమ్మ, చింత లాంటి గట్టి కర్రలో గాడి కొట్టే ఉలికి 35 దాకా పోవచ్చు. విరగకుండా మొద్దుబారితే వీపు చదునుగా లేదేమో చూడండి. గాజుపలక మీద 320 ఎమరీ అంటించి, వీపులో ముందు అంగుళం మేర ఒకే రకం గీతలు పడేదాకా రుద్దండి. తర్వాత 1000, ఆపైన 6000 నంబరు రాయి. వెనక్కి మడత పడ్డ సన్నని పొర వేలికి తగలకుండా పోయేదాకా ఆపకూడదు.

పాత ఆకురాయితో సొంతంగా ఉలి చేసుకున్నవాళ్లకి వేరే బాధ ఉంటుంది. అది గాజులా పగులుతుంది. ఆకురాయిలో కర్బనం 1 శాతం పైనే, ఫ్యాక్టరీలో పూర్తి గట్టిదనానికి తెచ్చి వదిలేస్తారు. కొలిమి అక్కర్లేదు. పళ్లన్నీ అరగదీసేసి (పగులు మొదలయ్యేది పంటి గాడిలోనే) ఇంట్లో ఓవెన్‌లో 200 నుంచి 220 డిగ్రీల దగ్గర గంటసేపు చొప్పున రెండుసార్లు ఉంచండి. శుభ్రంగా తోమిన ఉక్కు లేత గడ్డి రంగుకు రావాలి. పళ్లు తీశాక లోపలి ఉక్కును ఇంకో ఆకురాయి సులువుగా కోసేస్తే అది పైపైన మాత్రమే గట్టిపరిచిన చవక రకం, ఉలికి పనికిరాదు. ఏదైనా సరే, ఇలా చేసిన ఉలితో కర్రను పెకలించకండి.

పిడి ఊగుతోంది

సుత్తిని రాత్రంతా నీళ్లలో పెట్టడం మనందరికీ తెలిసిన చిట్కా. అది మరుసటి ఒక్క రోజు వరకే పని చేస్తుంది. ఉబ్బిన కర్ర ఇనుప కన్నంలో ఒరుసుకుని నలిగిపోతుంది, ఆరాక ముందుకన్నా వదులవుతుంది. పిడి తీసి పై కొసన రంపంతో చీలిక పెట్టి, మళ్లీ తొడిగి, ఆ చీలికలో గట్టి కర్ర మేకు దిగగొట్టండి. కొత్త పిడి చేస్తే నల్లతుమ్మ మంచిది. కొయ్యసుత్తి తలకు చింత చేవ బాగుంటుంది. నార పిడి పొడవునా తిన్నగా పోవాలి, పక్కకు జారిపోయే నార ఉన్న ముక్క దెబ్బకే విరుగుతుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర తరిణె మీద చాలా అందంగా వస్తుంది కానీ మెత్తన. ఆకురాయి పిడికి, గీతలు గీసే సూదికి వాడండి, దెబ్బ తగిలే ఉలికి వద్దు.

చిత్రిక కర్రను పీకేస్తోంది, లేదా నోరు (పొట్టు బయటికి వచ్చే సందు) మూసుకుపోతోంది

మామిడిలో, వేపలో నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి ఒక దిక్కున నున్నగా వచ్చి రెండో దిక్కున లేచిపోతుంది. ఇనుప చిత్రికలో బ్లేడు మీదుండే రెండో రేకును అంచుకు అర మిల్లీమీటరు లోపలికి తెచ్చి, చాలా పల్చగా తీయండి. పొట్టు ఆ రేకు కింద దూరి ఇరుక్కుంటుంటే, రెండు రేకులను కలిపి వెలుతురుకు పట్టి చూడండి. మధ్యలో వెలుగు కనిపిస్తే పై రేకు అంచును రాయి మీద చదును చేయాలి.

రంపం ఒక పక్కకు పోతోంది

ఏ పక్కకు పోతుందో ఆ పక్క పళ్లు ఎక్కువ వంగి ఉన్నాయి. ఆ వైపు నూరురాయిని పళ్ల వెంట ఒక్కసారి మెల్లగా లాగి, కోసి చూడండి. అవసరమైతే మళ్లీ. పంటి మొనలు నల్లగా నీలంగా ఉన్న రంపాలకు ఆకురాయి పట్టదు, మొద్దుబారితే కొత్తది కొనాల్సిందే.

పదును పెట్టినవి పెట్టెలోనే మొద్దుబారుతున్నాయి

బకెట్లోనో సొరుగులోనో అన్నీ కలిపి పడేస్తే అంచులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. గోడకు పనిముట్లు తగిలించే బల్ల పెట్టుకోండి. సముద్రం వైపు గోడ మాత్రం వద్దు, వానాకాలంలో చెమ్మ లోపలికి దిగుతుంది. వేరే చోటు లేకపోతే గోడకూ బల్లకూ మధ్య అంగుళం ఎడం ఉండేలా చెక్క పట్టీలు కొట్టి గాలి ఆడనివ్వండి. ఉలులకు చీలికలు కోసిన అర, అంచు కిందికి, ముందు ఒక పట్టీ అడ్డు. అయస్కాంత పట్టీ చూడటానికి బాగుంటుంది కానీ ఉలికి కూడా అయస్కాంతం ఎక్కి, నూరేటప్పుడు ఇనుప రజను అంచుకే అంటుకుంటుంది. రోజూ వాడే మూలమట్టం, పెన్సిలు, రెండు ఉలులు, చిన్న రంపం నిలబడ్డ చోటునుంచి చేయి చాస్తే అందాలి. నెలకోసారి వాడేవి పైన. నూనెగుడ్డను మూత ఉన్న డబ్బాలో బల్ల చివర ఉంచండి, ఏ పనిముట్టయినా అరలోకి వెళ్లే ముందు ఆ గుడ్డ తగిలేలా.