తల తిరుగుడు తగ్గాక అరకు రైలెక్కుతున్నారా?

ఒంటి నిలకడను చూసే లోపలి చెవి నరం వాచే జబ్బు, వెస్టిబ్యులార్ న్యూరైటిస్‌తో కొన్నాళ్లు మంచం దిగలేనంతగా తల తిరిగింది. ఇప్పుడు తేరుకున్నారు, ఇంట్లోవాళ్లు చలికాలం అరకుకు టికెట్లు కూడా తీసేశారు. వెళ్లొచ్చు. కాకపోతే కాస్త ముందుచూపు కావాలి. లోపలి చెవి సరిగ్గా పనిచేయని రోజుల్లో మెదడు కళ్ల మీద ఎక్కువగా ఆధారపడటానికి అలవాటు పడుతుంది. జబ్బు తగ్గినా కొందరిలో ఆ అలవాటు పోదు. సూపర్‌మార్కెట్ అరల మధ్య నడిచినా, ఫోన్‌లో రీల్స్ చకచకా జరిపినా తూలినట్టు అనిపించేది అందుకే. అరకు దారిలో కళ్ల ముందు కదిలేవి అంతకన్నా ఎక్కువ.

విస్టాడోమ్ బోగీకి పైకప్పులోనూ అద్దాలే. చెట్లూ కొండలూ పక్కనుంచే కాదు, నెత్తి మీదుగా కూడా పరుగెడతాయి. మొదటిసారికి మామూలు బోగీయే మేలని నా అభిప్రాయం. టికెట్ అప్పటికే తీసేసి ఉంటే, అందులో సీటు తిరుగుతుంది కాబట్టి రైలు వెళ్లే వైపుకు తిప్పుకుని కూర్చోండి. పిల్లలు దాన్ని సరదాకి తిప్పబోతే మొహమాటపడకుండా ఆపండి. దగ్గరి స్తంభాలు చూపును లాక్కుపోతాయి. దూరపు కొండ దాదాపు నిలకడగా ఉంటుంది, దాన్ని చూడండి. ఫోన్ సంచిలోనే ఉండనివ్వండి. దారిలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. వెలుగు, చీకటి టకటకా మారుతుంటే కళ్లు మూసుకుని, పాదాలు నేలకు ఆనించి, సీటు చెయ్యి పట్టుకుంటే చాలు.

అలాగని దారంతా మెడ బిగించి ఒక్కచోటే చూస్తూ ఉండొద్దు. చూపు నిలపడం ఆ కాసేపటికి ఊతం, అంతే. తల కదిలితేనే మెదడు సర్దుకోవడం నేర్చుకుంటుంది. అందుకే ప్రయాణానికి కొన్ని వారాల ముందే ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకోండి: బొటనవేలిని కళ్ల ముందు పెట్టుకుని, చూపు దాని మీదే ఉంచి తలను అటూ ఇటూ తిప్పడం లాంటివి. కొద్దిగా తిప్పినట్టు అనిపించి కాసేపటికి తగ్గిపోతే భయం లేదు. గంటలకొద్దీ ఉండిపోతే మోతాదు తగ్గించాలి.

అసలు పరీక్ష బొర్రా గుహల్లో. చెవి బలహీనమైనప్పుడు మనిషిని నిలబెట్టేవి కళ్లు, పాదాలు. అక్కడ మసక వెలుతురు, తడి మెట్లు ఆ రెండింటికీ ఇబ్బందే. జారని బూట్లు వేసుకుని, రెయిలింగ్ వదలకుండా నడవండి. పైన వేలాడే రాళ్లు చూడాలంటే ఆగి, పట్టుకుని, అప్పుడు తలెత్తండి.

తిరుగు ప్రయాణం ఘాట్ రోడ్డు మీదైతే ముందు సీటు అడగండి. స్టీరింగ్ మాత్రం మీరు పట్టొద్దు.

స్టెమెటిల్ లాంటి మాత్రలు మొదటి రోజుల వాంతులకు పనికొస్తాయి. రోజుల తరబడి వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది, కాబట్టి డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. ఈ తూలుడు మూడు నెలలు దాటినా దాదాపు రోజూ ఉంటే అది పీపీపీడీ (జబ్బు తగ్గాక కూడా వదలకుండా ఉండిపోయే తూలుడు) కావచ్చు. తల తిరుగుడు జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం బరాని సొసైటీ 2017లో దీనికి నిర్ధారణ ప్రమాణాలు ప్రకటించింది, చికిత్స కూడా ఉంది.

మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పినా అది పాత తిరుగుడే అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.