పాత బోటు మోటారుకు మళ్లీ ప్రాణం వచ్చింది

తడ దగ్గర పులికాట్‌లో తిరిగే మా బోటుది రెండు సిలిండర్ల పాత టూ స్ట్రోక్ మోటారు. మొన్న రెండింట్లో ఒక సిలిండరే పనిచేసింది. స్పార్క్ ప్లగ్గులు విప్పితే పైది పొడిగా గోధుమ రంగులో ఉంది, కిందది పెట్రోలుతో తడిసి ముద్దయింది, అంటే అక్కడ పెట్రోలు మండట్లేదు. కింది సిలిండరు వైరుకు కొత్త ప్లగ్గు తగిలించి, ఇంజన్ బాడీకి ఆనించి తాడు లాగినా నిప్పురవ్వ లేదు.

ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ కొనడానికి సూళ్లూరుపేట బయల్దేరుతుంటే మామయ్య ఆపాడు. "ముందు రెండు కాయిళ్లూ అటూ ఇటూ మార్చి చూడరా."

మార్చినా కింది సిలిండరే పనిచేయలేదు. అంటే కాయిల్ మంచిదే! ఇక పాయింట్లు (నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చులు) చూద్దామని, వాటి మీదుండే బరువైన చక్రం, ఫ్లైవీల్‌ను పుల్లర్ అనే లాగే పనిముట్టుతో తీశాం (సుత్తితో మాత్రం కొట్టకండి, దాన్ని తిప్పే ఇరుసు, క్రాంక్ దెబ్బతింటుంది). కింది సిలిండరు పాయింట్ల మీద ఉప్పుగాలికి బూడిద రంగు పొర పేరుకుంది. సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకు) 0.5 మిల్లీమీటర్ల సందు పెట్టాం. ఫ్లైవీల్ బిగించి తాడు లాగితే టప్పుమని నీలి రవ్వ.